ఐదుగురి ఆటలో ఆరోవాడు

మా విజయనగరంలో ఎవరైనా జంషెడ్‌పూర్ వెళ్ళొస్తే, కరిగిన ఉక్కు ఎలా ఉంటుందో చెప్పమని చుట్టూ చేరతారు. నా చుట్టూ కూడా చేరారు. నేను ఉక్కు చూడలేదు. కొలిమి చూడలేదు. అక్కడున్నన్నాళ్ళూ ఒక ఇరవయ్యేళ్ళ కుర్రాణ్ణి చూశాను, అదీ వాడికి తెలియకుండా. వాడు మా అక్క కొడుకు కిరణ్.

సంగతేమిటంటే, మా అక్కని జంషెడ్‌పూర్‌లోని భుయ్యాడీహ్‌లో ఇచ్చారు. బావ అప్పారావు అక్కడ ప్లాంటులో ఫిట్టరు. బావ తాతగారు బొబ్బిలి దగ్గర్నుంచి బతుకుతెరువుకి వెళ్ళి అక్కడే పాతుకుపోయారు. కిరణ్ ఒక చిన్న కాలేజీలో చదువుతూ ఆ కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతున్నాడు. ఆడుతున్నానని ఇంట్లో చెబుతున్నాడు. ఈ రెంటికీ మధ్యనున్న సందులోంచే బావ బుర్రలోకి అనుమానం దూరింది.

సీజన్ మొదలై మూడు మ్యాచ్‌లయ్యాయి. ప్రతి మ్యాచ్ తర్వాతా కొడుకు గుమ్మం ఎక్కగానే బావ "ఎంతరా?" అని అడుగుతాడు. మొదటి మ్యాచ్‌కి "నాలుగు" అన్నాడట, జట్టు గెలిచింది. రెండోదానికి "తొమ్మిది" అన్నాడట, జట్టు ఓడింది. మూడోదానికి "రెండు" అన్నాడట, జట్టు అవతలివాళ్ళని ఊచకోత కోసింది.

"తొమ్మిది కొట్టిన్నాడు ఓడిపోనారు, రెండు కొట్టిన్నాడు గెలిసీసారు. ఇదేటి లెక్క బామ్మర్దీ?" అన్నాడు బావ ఫోన్లో. "ఈడు బంతి ఏత్తన్నది మనోళ్ళ బుట్టలోనా, అవతలోళ్ళ బుట్టలోనా?"

పోనీ వెళ్ళి చూడొచ్చు కదా అంటే, ఇంట్లోవాళ్ళెవరూ రాకూడదని కిరణ్ ఒట్టు పెట్టించుకున్నాడట. మీరొస్తే నాకు చేతులాడవు అన్నాడట. ఇది విన్నాక నా అనుమానం బావ అనుమానాన్ని దాటి ముందుకెళ్ళింది. పైగా గడువొకటి ఉంది. మిశ్రా అనే ఠేకాదారు, అంటే కాంట్రాక్టరు, తన గ్యాంగులో ఒక ఖాళీ ఉందనీ, ఆదివారం పొద్దున్నకల్లా ఔనో కాదో చెబితే కిరణ్‌కి గేటు పాసు ఇప్పిస్తాననీ అన్నాడు. వాడు నిజంగా ఆడుతుంటే ఆటా చదువూ సాగుతాయి. బెంచీ మీద కూర్చుని కబుర్లు చెబుతుంటే సోమవారం నుంచి హెల్మెట్ పెట్టుకుని పనిలోకి.

శనివారం మ్యాచ్ చూసి తీర్పు చెప్పడానికి మా అక్క నన్ను పిలిచింది. మేనమామ కళ్ళు మోసపోవని తన నమ్మకం. బావకి అంత నమ్మకం లేదు. "రా. నువ్వు సెప్పింది పదితో బాగించుకుంతాన్లే," అన్నాడు. నాకు కాస్త పెంచి చెప్పే అలవాటుందని మా బంధువుల్లో ఒక పుకారు.

రైల్లో

నా ఎదురు బెర్తులో ఒక మీసాలాయన కూర్చున్నాడు. ఆ మీసాలకి విడిగా టికెట్ తీసి ఉండాలి, అంత చోటు ఆక్రమించాయి. రైలు కదలగానే స్టీలు డబ్బా తెరిచి చేగోడీలు నా ముందుకి తోశాడు.

"తినండి బాబూ. ఇంట్లో చేసినవే."

ఇంట్లో చేసినవే అని ప్రత్యేకంగా చెప్పాడంటే ఏదో ఉందన్నమాట. రైళ్ళలో అపరిచితులిచ్చింది తిని, మూడు స్టేషన్ల తర్వాత పంచె ఒక్కటే మిగిలినవాళ్ళ కథలు నాకు కనీసం వెయ్యి తెలుసు. వద్దన్నాను. ఆయన బతిమాలలేదు. ఒక్కొక్కటీ నా కళ్ళలోకి చూస్తూ కొరికాడు. ఆ కరకరలు ఒడిశా మొత్తం వినిపించి ఉంటాయి. నేను మాత్రం సంచీ మీద తలపెట్టుకుని, ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి ప్రయాణం చేశాను.

జంషెడ్‌పూర్ స్టేషను టాటానగర్‌లో దిగగానే ఇద్దరు రైల్వే పోలీసులు పరుగెత్తుకొచ్చారు. నా మీసాలాయన దొరికిపోయాడని సంతోషించేలోగా వాళ్ళు ఆయనకి సెల్యూట్ కొట్టి పెట్టె అందుకున్నారు. ఆయన నావైపు తిరిగి, "దారంతా మీరు నన్నే చూస్తుంటే నాకూ నిద్ర పట్టలేదండి. సంచీలో ఏముందో అడుగుదామనుకున్నాను," అని నవ్వి వెళ్ళిపోయాడు. సంచీలో ఉన్నది మా అక్కకి పెట్టిన మాగాయి. ఆయన డబ్బాలో ఆఖరి చేగోడీ నా కళ్ళ ముందే అయిపోయింది.

టాటానగర్

స్టేషన్ బయట ఆటోవాణ్ణి భుయ్యాడీహ్‌కి ఎంతంటే నూట ఇరవై అన్నాడు. నేను ఎనభై అన్నాను. వాడు వెంటనే సరే అన్నాడు. అంత వెంటనే ఒప్పుకున్నాడంటే అసలు ధర అరవై అయ్యుండాలి. మా ఊళ్ళో ఆటోవాడు ఎనభైకి ఒప్పుకునేలోపు ముందు మన వంశాన్ని, తర్వాత పెట్రోలు ధరని, చివరికి దేవుణ్ణి తిడతాడు. తిట్టకుండా తగ్గినవాణ్ణి నేను జన్మలో చూడలేదు. దారిపొడవునా వాడి మెడ వెనక్కే చూస్తూ కూర్చున్నాను.

ఊరు కూడా నాకు నమ్మదగ్గదిగా కనిపించలేదు. ఇనుము తినే ఊరంటే మసిబొగ్గులా ఉంటుందనుకున్నాను. రోడ్డుకి రెండు పక్కలా చెట్లు ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా వరసలో ఉన్నాయి. ఎర్ర దీపం పడితే బళ్ళు ఆగుతున్నాయి. పోలీసు లేనిచోట కూడా ఆగుతున్నాయి. ఎవరో పెద్ద మనిషి వస్తున్నట్టున్నాడని ఆటోవాణ్ణి అడిగాను. వాడు నన్ను అద్దంలో జాలిగా చూశాడు.

మధ్యలో టీ తాగాం. పది రూపాయలు. ఉగ్గుగిన్నెలో సగం ఉన్న మట్టి ముంతలో పోసిచ్చారు. తాగాక ముంత పారెయ్యాలట. పది రూపాయల్లో ముంత వాటా ఎంతో టీ వాటా ఎంతో తేలక, నా ముంత తుడిచి జేబులో వేసుకున్నాను.

భుయ్యాడీహ్

మా అక్క ఉండే సందు ఎంత ఇరుకంటే, ఒక ఇంట్లో తాలింపు వేస్తే ఎదురింట్లోవాళ్ళు తుమ్ముతారు. సందు మొదట్లో హిందీ, మధ్యలో ఒడియా, మా అక్క గుమ్మం దగ్గర తెలుగు.

"ఏటి తమ్ముడూ, ఇలాగ సిక్కిపోయావు?" అంది అక్క. నా బరువు తొంభై రెండు కిలోలు. అక్క కళ్ళని నమ్మకపోవడం నేను ఆ క్షణం నుంచే మొదలుపెట్టాను.

అన్నం, పప్పుచారు, దాని పక్కన మసాలా లేకుండా కాల్చి మెదిపి ఆవనూనె చుక్కలేసిన వంకాయ. ఇక్కడివాళ్ళు దాన్ని చోఖా అంటారు. మా వైపు ఆవనూనె అంటే మోకాళ్ళకి రాసేదే. మొదటి ముద్ద మోకాలి నొప్పిలా, రెండోది ఫరవాలేదన్నట్టు, ఐదోది ఇంకొంచెం పెట్టు అన్నట్టు ఉంది.

కిరణ్ కాలేజీ నుంచి వచ్చాడు. గుమ్మంలో వంగి లోపలికొచ్చి, లోపలికొచ్చాక కూడా వంగే ఉన్నాడు. ఎండబెట్టిన సరుగుడు వాసంలా ఉన్నాడు. బూట్లు విప్పి, గుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ సంచీలో పెట్టి, ఆ సంచీని గోడ మేకుకి తగిలించాడు. మా ఇళ్ళల్లో ఆ మేకు మీద దేవుడు ఉంటాడు.

"ఏరా, ఆట ఎలా ఉంది?" అన్నాను, ఏమీ తెలియనట్టు.

"ఠీక్ హై మామా."

"నువ్వెలా ఆడుతున్నావు?"

"ఠీక్ హీ హై."

"మామకి తెలుగులో సెప్పరా," అంది అక్క. "ఆడెప్పుడూ ఇంతే తమ్ముడూ. నేను తెలుగులో తిడితే ఆడు హిందీలో ఇంతాడు."

కిరణ్ నవ్వి, ఎందుకొచ్చావు మామా అని ఈసారి తెలుగులోనే అడిగాడు. ఊరు చూడ్డానికి అన్నాను. నమ్మినట్టు తలాడించాడు. నమ్మనివాళ్ళే అంత చక్కగా తలాడిస్తారు.

బావ రావలసిన వేళకి రాలేదు. చీకటి పడుతుండగా సైకిలు దిగాడు.

"రిలీవర్ రాలేదు," అన్నాడు. వాళ్ళింట్లో ఆలస్యానికి అదొక్కటే కారణం, ఇంకోటి ఎవరూ అడగరు. తన చోట తర్వాతి షిఫ్టు మనిషి వచ్చి నిలబడి, 'ఛార్జ్ తీసుకున్నాను' అని నోటితో అనేదాకా కదలకూడదు. సైరన్ కూసినా, సూపర్‌వైజర్ వెళ్ళిపొమ్మన్నా, ఆకాశం విరిగి ప్లాంటు మీద పడినా కదలకూడదు. మా ఆఫీసులో ఐదింటికి వెళ్ళవలసినవాళ్ళ కుర్చీలు నాలుగున్నరకే చల్లారిపోయి ఉంటాయి.

"నా పెళ్ళికీ ఈయనకి రిలీవర్ రాలేదు," అంది అక్క నీళ్ళ చెంబు అందిస్తూ. "రైలు ఎల్లిపోయింది. ముహూర్తానికి పెళ్ళికొడుకు నేడు. మా నాన్న పీటల మీద ఎవుల్ని కూకోబెట్టాలా అని సూత్తన్నాడు."

"వచ్చినాను కదా," అన్నాడు బావ.

"నూనె బట్టలతో వచ్చినావు. మేళగాళ్ళు నిన్ను కరెంటోడనుకున్నారు."

"డూటీ ఒగ్గీసి వచ్చినోణ్ణి సేసుకుంతావా?"

అక్క ఖాళీ చెంబు అందుకుని లోపలికెళ్ళింది. ఈ వాదన ఇంతకు ముందు రెండు లక్షలసార్లు ఇక్కడే ఆగిపోయి ఉంటుంది.

సువర్ణరేఖ ఒడ్డున

మర్నాడు పొద్దున్న బావ పనికెళ్ళే ముందు నన్ను నది దాకా తీసుకెళ్ళాడు. ఆ ఇసకలో బంగారం ఉంటుందని పూర్వం జల్లెడ పట్టేవారట. ఉన్న బంగారాన్ని వదిలేసి ఊరంతా ఇనుము వెంట పడిందంటే నేను నమ్మలేదు. బావ అటు తిరిగినప్పుడు గుప్పెడు ఇసక తీసి చూశాను. ఒక గుండీ దొరికింది.

"మిశ్రా మంచోడే," అన్నాడు బావ, నీళ్ళవైపు చూస్తూ. "రేపు పొద్దున్న ఫోన్ సేత్తాడు. ఆడికి ఔనని సెప్పాలని నాకు నేదు బామ్మర్దీ. కాదని సెప్పడానికి ఒక్క కారణం ఇయ్యి సాలు. ఉన్నదే సెప్పు. నీ కతలు ఒద్దు."

పదితో భాగిస్తానన్నవాడు ఉన్నదే చెప్పమంటున్నాడు. బావని అంత మెత్తగా నేనెప్పుడూ చూడలేదు. అప్పటిదాకా సరదాగా ఉన్న నా గూఢచారి పని ఒక్కసారిగా బరువెక్కింది.

గోల్‌మురి

మ్యాచ్ గోల్‌మురి బజారు వెనక మైదానంలో. మారువేషంగా మంకీ క్యాప్, నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాను. మంకీ క్యాప్‌తో మనిషి కనబడడు, నల్లద్దాలతో అసలు కనబడడు అని నా లెక్క. గేటు దగ్గర వాచ్‌మన్ నా లెక్కతో ఏకీభవించక నన్ను ఆపి, నా జేబులు తడిమి, టీ ముంత బయటికి తీసి, దాన్ని ఎండకి ఎత్తి పరీక్షించి, తిరిగిచ్చాడు.

సిమెంటు మెట్లమీద జనం పట్టుమని యాభైమంది. చిన్న కాలేజీల ఆట అంటే అంతే. ఆటగాళ్ళని కన్నవాళ్ళు, ఆటగాళ్ళకి అప్పిచ్చినవాళ్ళు, నీడ కోసం వచ్చినవాళ్ళు. నేను కూర్చున్న మెట్టు మీదే చేతిసంచీతో ఒక నడివయసు తెలుగావిడ ఉంది. నన్ను కిందినుంచి పైదాకా చూసి సంచీ అటుపక్కకి మార్చుకుంది.

"మీరు ఏ కాలేజీ తరఫున వచ్చారండీ?"

"ఏ కాలేజీ కాదండీ. ఊరికే."

"ఊరికే వచ్చేవాళ్ళు టోపీ వేసుకురారు. పోయినేడు కూడా ఇలాగే ఒకాయన ఊరికే వచ్చి, మా జట్టులో మంచి కుర్రాణ్ణి ఎత్తుకుపోయారు. మా డేనియల్‌ని మాత్రం అడక్కండి. వాడు రాడు."

ఆవిడ పేరు రత్నకుమారి, చర్చి బడిలో టీచరు. కొడుకు డేనియల్ ఆ జట్టులో బుట్టలు వేసే మొనగాడు. నేను కిరణ్ మేనమామనని చెప్పినా నమ్మలేదు. కిరణ్ తల్లి పేరు, ఇంటి పేరు, వాళ్ళ వాకిట్లో ఉన్న మొక్క పేరు అడిగింది. కరివేపాకు అన్నాక సంచీ మళ్ళీ ఇటు పెట్టింది. పరీక్ష పాసైనందుకు ముప్పై రూపాయలు పెట్టి ఇద్దరికీ లిట్టీలు కొన్నాను. అవి నిప్పుల మీద కాల్చిన పిండి ఉండలు. సరిగ్గా విసిరితే ఒక్కోదానితో ఒక్కో రిఫరీని పడగొట్టొచ్చు. నెయ్యిలో ముంచితే మాత్రం రిఫరీకి ఇవ్వబుద్ధి కాదు.

ఆట మొదలైంది. మనవాళ్ళలో సోరెన్ అనే కుర్రాడు ఉన్నాడు. వాడు చెయ్యెత్తితే మబ్బులు పక్కకి జరుగుతాయి. డేనియల్ బంతి పట్టుకుంటే వదిలేది బుట్టలోకే. ఆవిడ వేళ్ళ కణుపుల మీద లెక్కపెడుతోంది, రెండు, నాలుగు, ఏడు. అవతలి జట్టులో ఒక ఎడమచేతివాటం కుర్రాడు ఉన్నాడు, ఒళ్ళంతా స్ప్రింగులు. కిందటి మ్యాచ్‌లో వాడొక్కడే ముప్పై దాటించాడట.

కిరణ్ ఆడుతున్నాడు. బెంచీ మీద లేడు. అంతవరకు గుండె కుదుటపడింది. కానీ వాడికి బుట్ట ఎటుందో తెలిసినట్టు లేదు. బంతి చేతికొస్తే వేడి పెనం తగిలినట్టు పక్కవాడికి ఇచ్చేస్తున్నాడు. తక్కిన సమయమంతా ఆ ఎడమచేతివాడి ముందు నిలబడతాడు. వాడు అటెళితే అటు, ఇటెళితే ఇటు. వాడు నీళ్ళు తాగడానికి వెళితే సీసా మూత ఇచ్చేలా ఉన్నాడు. సగం ఆట ముగిసేసరికి మావాడు బుట్టలో వేసింది సున్నా. పదితో భాగించడానికి కూడా పనికిరాని అంకె.

మరి ఆ నాలుగు, తొమ్మిది, రెండు ఎక్కడివి? పచ్చి అబద్ధాలు. నేను మనసులోనే సోమవారం హెల్మెట్ తెచ్చి వాడి నెత్తిన పెట్టేశాను.

విరామంలో కోచ్ ఘోష్ బాబు ఆటగాళ్ళ వరస ముందు నడుస్తూ వచ్చాడు. ప్లాంటులో భద్రతా విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. ఒక్కొక్కరినీ ఒకే మాట అడుగుతున్నాడు. "లీకేజ్ కిత్నా?"

సోరెన్ "ఛే" అన్నాడు, అంటే ఆరు. డేనియల్ తల వంచుకుని "గ్యారహ్" అన్నాడు, పదకొండు. కిరణ్ "దో" అన్నాడు, రెండు. ఘోష్ బాబు వాడి భుజం మీద చెయ్యి వేసి ముందుకెళ్ళిపోయాడు.

"ఏమిటండీ ఆ లెక్క?" అని అడిగాను.

"మీకు తెలీదా? అంటే మీరు నిజంగానే ఊరికే వచ్చారన్నమాట," అంది టీచరు. "ఈయన వేసినవి లెక్కపెట్టరండీ. ఎవరి మనిషిని వాళ్ళు కాయాలి, ఆ మనిషి ఎన్ని వేస్తే వీళ్ళకి అంత లీకేజీ. మా డేనియల్ వేసేవి నేనొక్కదాన్నే లెక్కపెడతాను. మీ కిరణ్‌వి చూడండి. మొదటి ఆటలో నాలుగు. రెండోరోజు జ్వరంతో ఆడి తొమ్మిది వదిలాడు, ఓడిపోయాం. మొన్న రెండే."

వాడి నెత్తిన పెట్టిన హెల్మెట్ మనసులోనే తీసేశాను. బావ "ఎంతరా" అంటే వాడు చెప్పింది నిజమే. దేని లెక్కో బావ అడగలేదు, వాడు చెప్పలేదు. సున్నా కొట్టాడంటే గేటు పాసు, నాలుగంటే ఇంకో వారం ఆట. ఇంట్లోవాళ్ళని రావద్దన్నది అందుకే. నా మేనల్లుడు నా పోలికే. కాకపోతే నేను పెంచి దాస్తాను, వాడు పెంచకుండానే దాచాడు.

ఆఖరి నిమిషం

రెండో సగంలో స్ప్రింగుల కుర్రాడు ఇంకొక్క బుట్ట వేయగలిగాడు. అంతే. వాడి మొహం చూస్తే, కిరణ్‌ని కలలో కూడా చూసి ఉలిక్కిపడేలా ఉన్నాడు. మనవాళ్ళు యాభై ఒకటి, వాళ్ళు యాభై. కొద్ది సెకన్లే మిగిలాయి. అప్పుడు కిరణ్ కాలు మడత పడింది. ఆట ఆగింది. కుంటుతూనే వెళ్ళి తన మనిషి పక్కన నిలబడ్డాడు. ఘోష్ బాబు మార్పు అడిగాడు. కిరణ్ స్థానంలోకి పింటూ అనే కుర్రాడు పరుగెత్తుకుంటూ లోపలికొచ్చాడు.

వచ్చినవాడు ఎడమచేతివాడి దగ్గరికి రాలేదు. కంగారులో తిన్నగా బుట్ట కిందికి పోయి, అక్కడ సోరెన్ పక్కన చేతులెత్తి నిలబడ్డాడు. కిరణ్ అటు చూస్తూ "పింటూ, ఇధర్, ఛార్జ్ లే" అని, ఇటొచ్చి ఛార్జ్ తీసుకోమని అరుస్తున్నాడు. జనం గోలలో వాడికి వినబడలేదు. బెంచీ నుంచి కిరణ్‌ని రమ్మంటున్నారు. టీచరు రమ్మంటోంది. నేను మారువేషం మరిచి, టోపీ పీకి ఊపుతూ రమ్మంటున్నాను. వాడు కుంటికాలు మీద నిలబడి, తన మనిషిని వదలడం లేదు.

అవతలివాళ్ళు బంతి లోపలికి విసిరారు. రిఫరీ అప్పుడు లెక్కపెట్టుకున్నాడు. మనవాళ్ళు ఆరుగురు. నేనూ లెక్కపెట్టాను, రెండుసార్లు. జీవితంలో నేను పెంచకుండానే ఒక అంకె పెరగడం అదే మొదలు.

విజిల్. సాంకేతిక తప్పు. ఎడమచేతివాడికి ఒక ఉచిత షాటు, లోపల పడింది. యాభై ఒకటి, యాభై ఒకటి. బంతి మళ్ళీ వాళ్ళకే. కిరణ్‌ని బయటికి పంపేశారు. ఎడమచేతివాడు పింటూని బస్సు స్టాపులో స్తంభాన్ని దాటినట్టు దాటి ఇంకో బుట్ట వేశాడు. ఆట అయిపోయింది. మెట్ల మీద ఎవరో 'ఇంజినీరింగ్ లేని కాలేజీకి లెక్కలు కూడా రావు' అన్నారు. టీచరు వెనక్కి తిరిగి చూసేసరికి అన్నవాడు దిగి వెళ్ళిపోయాడు.

కిరణ్ కాలికి మంచు మూట కట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఆ టోపీ లోపల పెట్టు మామా. వార్మప్‌లోనే చూశాను." మంచు మూట సర్దుకుంటూ అడిగాడు. "నాన్నకి ఏం చెప్తావు?"

"ఇరవై నాలుగు కొట్టావని చెప్తాను. పదితో భాగించినా రెండు మిగులుతుంది."

వాడు నవ్వలేదు.

బావ ముందు

బావ పనినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కంచం ముందు కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. ఇరవై నాలుగు నాలుక చివర సిద్ధంగా ఉంది.

"ఎంతరా?" అన్నాడు బావ, నన్ను కాదు, కొడుకుని.

"నాన్నా, నేను కొట్టింది సున్నా," అన్నాడు కిరణ్. తెలుగులో. "ఎప్పుడూ సున్నాయే. నేను చెప్పినవి అవతలోడు నా మీద కొట్టినవి."

అక్క గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. బావ అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది.

"అయితే ఇయ్యాళ ఎంత ఒగ్గీసావు?"

"ఏడు."

"నాలుగే బావా," అన్నాను. "ఆఖరి మూడూ వీడు దిగడం గోలలో పడ్డవి. వీడు దిగలేదని మ్యాచే పోయింది." జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క అంకె పెంచలేదు. నోరు చేదుగా అయిపోయింది.

బావ ప్లాంటులో ఏదో ప్రమాదం జరిగితే అడిగేవాడిలా అడగడం మొదలుపెట్టాడు.

"నీ జాగాలోకి మడిసి వచ్చినాడా?"

"లోపలికి వచ్చాడు. నా దగ్గరికి రాలేదు."

"ఛార్జ్ తీసుకున్నానన్నాడా?"

"అనలేదు."

"నువ్వు దిగిపోతే ఆ ఎడంసేతోడి కాడ ఎవులుంతారు?"

"ఎవరూ లేరు నాన్నా."

"నువ్వు దిగినాక పడ్డ బుట్ట నీదెలాగ అవుతాది మరి? నాలుగే సెప్పాలి కదా."

కిరణ్ కంచంలోకి చూస్తూ అన్నాడు. "ఛార్జ్ ఎవరూ తీసుకోలేదు కదా. అందుకే ఏడు."

బావ మళ్ళీ అన్నం కలపసాగాడు. ఆ ఇంట్లో ఆలస్యానికి ఒకే కారణం ఉంటుందని చెప్పానుగా. ఓటమికి కూడా అదే కారణం రావడం బావ ముప్పై ఏళ్ళ నౌకరీలో మొదటిసారి అనుకుంటాను.

"నా పెళ్ళి నూనె బట్టలతో అయింది, ఇప్పుడు ఆడి మ్యాచ్," అంది అక్క, కళ్ళు తుడుచుకుని. "ఇదేటి రోగం ఈ ఇంటికి."

"ఆడికి ఇంకాస్త అన్నం ఎయ్యి," అన్నాడు బావ.

నాకు మాత్రం అనుమానంగానే ఉంది. బావ మొహంలో కోపం లేదు. కోపం లేనప్పుడు ఆయన ఏం చేస్తాడో నాకు తెలియదు, ఎప్పుడూ చూడలేదు.

ఆదివారం

మిశ్రా ఫోన్ చేసేసరికి బావ వాకిట్లో సైకిలు గొలుసుకి నూనె వేస్తున్నాడు. కిరణ్ తలుపు వెనక ఉన్నాడు. అక్క వాడి వెనక ఉంది. నేను టీ ముంతతో అక్క వెనక ఉన్నాను.

బావ ఫోను చెవికి ఆనించి అవతలివాడు చెప్పింది మొత్తం విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నహీ మిశ్రాజీ. లడ్కా డ్యూటీ పే హై. రిలీవర్ నహీ ఆయా."

కొడుకు డ్యూటీలో ఉన్నాడు, రిలీవర్ రాలేదు అని. ప్లాంటులో ఆ మాటకి ఎదురు ఉండదు. మిశ్రా పెట్టేసి ఉంటాడు. బావ ఫోను జేబులో వేసుకుని మళ్ళీ గొలుసుకి నూనె వేయసాగాడు.

నేను విజయనగరం వచ్చాక ఒక సాయంత్రం బావ ఫోన్ చేశాడు. తర్వాతి మ్యాచ్‌కి తనే వెళ్ళాడట. మెట్ల మీద ఎవరో టీచరమ్మ మీరు ఏ కాలేజీ తరఫునొచ్చారని నిలదీసిందట.

"ఎంత బావా?" అని అడిగాను.

"మూడు. మొదట్లోనే ఒగ్గీసాడు, అజాగర్త," అన్నాడు. "అయినా అవతలోడు ఏటి పొడుగనుకున్నావు బామ్మర్దీ. వాటర్ ట్యాంకే. ఎగిరినాడంటే కిందకి రాడానికి అరగంట."

నేను నిశ్శబ్దంగా పదితో భాగించుకున్నాను.